చేయి మరచిన విద్య



మానవుడు దినదినమును చేయు పనులలో తలచి చేయునవి కొన్ని. తలపకయే చేయునవి పెక్కు. అన్నము కలిపి ముద్ద నోటికందించుకొనునపుడు నోరెక్కడ నున్నదో వెదకికొనువాడు లేడు. నీటిబిందె చంకనెత్తుకొని చెరువుగట్టు దిగు ఇల్లాలు తన యడుగులను లెక్కింపదు. మా పల్నాటి సీమలో జొన్నచేలు విరివిగా నున్న దినములలో, మంచెపై నిలిచిన పదేండ్ల బాలుడు వడిసెల త్రిప్పి రాయి విసరినచో, అది పిట్టలు వ్రాలిన చోటనే పోయి పడెడిది. ఎట్లు విసరితివని యడిగిన వాడు చెప్పజాలకపోయెడివాడు. తెలియక కాదు, వాని తెలివి వాని చేతిలో నుండెడిది.

ఇట్టి చేతివిద్య యొకనాడు చెప్పకుండగనే చేతిని విడిచిపోయినచో నేమగును? అందు దోషమెవరిది? అట్టివానిని చూచు మనము చేయదగినదేమి, చేయరానిదేమి? ఈ ప్రశ్న నన్ను కొంతకాలముగా వేధించుచున్నది. దీనికి కారణము మనకు అంతగా పరిచయము లేని యొక యాట.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా పెద్ద కుమారుడు సెలవులకు నరసరావుపేట వచ్చినపుడు, ఆ దేశపు బేస్‌బాల్ ఆటను గూర్చి ముచ్చటించుచు, అందు ఆరితేరినవారు కొందరు పిల్లవాడైనను విసరగల బంతిని విసరలేని స్థితికి వచ్చిరని చెప్పెను. మొదట నేను నవ్వితిని. వివరములు వినుచుండగా ఆ నవ్వు మాసిపోయి, నా యొద్ద చదివిన యొక బాలుని ముఖము కన్నులయెదుట నిలిచినది. ఆ బాలుని సంగతి తుదను చెప్పెదను. ముందుగా ఆ యాటగాండ్ర కథ వినుడు.

బేస్‌బాల్ మన మెరిగిన క్రికెట్టునకు దూరపు చుట్టము. మైదానమున నాలుగు మూలలు గల చదరముండును. మూలకు మూలకు నడుమ 90 అడుగులు. చదరము నడుమనున్న చిన్న దిబ్బపై నిలిచి బంతి విసరువానిని పిచ్చరందురు. అతనికిని, బ్యాటు పట్టినవాడు నిలుచు చోటికిని 60 అడుగుల 6 అంగుళముల దూరము. బ్యాటువాని వెనుక మోకాళ్లు వంచి కూర్చుండి బంతిని పట్టువాడు క్యాచరు. తాను పట్టిన బంతిని అతడు పిచ్చరునకు తిరిగి విసరవలెను. లోపలి వరుసలో కాపు నిలిచినవారు తమకు దొరకిన బంతిని మొదటి మూలనున్న తమవానికి అందింపవలెను. పిచ్చరు విసరు బంతియందు గొప్ప నేర్పు కలదు. తక్కినవి అలవాటు మీద జరిగిపోవు పనులు. వింత యేమనగా, ఈ సులభమైన పనులును కొందరి చేతులనుండి జారిపోయినవి.

పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టున స్టీవ్ బ్లాస్ అను పిచ్చరుండెను. 1971లో ఆ దేశపు విజేతను నిర్ణయించు వరల్డ్ సిరీస్‌లో ఏడు ఆటలు జరుగగా, మూడవదానిని, తుదిదైన యేడవదానిని ఆద్యంతము తానే బంతి విసరి గెలిపించెను. 1972లో అతని పేర 19 విజయములు కలవు. 1973లో చేతికి గాయము లేదు, ముసలితనము రాలేదు. కాని బంతి అతని మాట వినుట మానెను. 88 ఇన్నింగ్సులలో 84 మారులు, బంతిని తగిన చోట వేయలేక, ప్రత్యర్థికి ఊరకయే మొదటి మూల నిచ్చివేయవలసి వచ్చెను. ఆ యేడు గెలిచినవి మూడే యాటలు. ఆట వెలుపల, సాధనలో మాత్రము బాగుగనే విసరెడివాడు. అంతకుముందు 1972 డిసెంబరు 31న, నికరాగ్వా భూకంప బాధితులకు సహాయసామగ్రి కొనిపోవుచు, అతని సహచరుడు రాబర్టో క్లెమెంటే విమానప్రమాదమున మరణించియుండెను. ఆ దుఃఖమే కారణమని కొందరనిరి, బ్లాస్ ఒప్పుకొనలేదు. మనోవైద్యము చేయించుకొనెను, ధ్యానము పట్టెను, ఫలింపలేదు. 1975లో ఆట విడిచెను. నాటినుండి అమెరికాలో ఈ యాపదకు ‘స్టీవ్ బ్లాస్ వ్యాధి’ యని పేరు పడినది. ఒకని గెలుపులన్నియు మరచి, వాని పేరును వ్యాధికి తగిలించిన లోకరీతిని గమనింపుడు.

న్యూయార్క్ మెట్స్ జట్టు క్యాచరు మాకీ సాసర్ కథ యింకను విచిత్రము. దొంగచాటుగా మూల మార్చుకొన జూచు ప్రత్యర్థిని పట్టించుటకు నూరడుగులకు మించిన దూరము రెప్పపాటున బంతి విసరుట అతనికి చేతనగును. కాని తొందర యేమియు లేక, ఎదుటనున్న తన పిచ్చరునకు బంతి తిరిగి యిచ్చుట చేతకాకపోయెను. చేయి యొకమారు ఊగి యాగును. రెండవమారు ఊగి యాగును. మూడవమారునకు గాని బంతి వెడలదు. 1990లో నొక ఆటలో ప్రత్యర్థి ఢీకొని గాయపడిన పిదప ఇది ముదిరెను. అతని చేయి ఊగిన కొలది ప్రేక్షకులు గొంతెత్తి లెక్కింపసాగిరి.

చక్ నాబ్లాక్ 1997లో తన స్థానమున ఉత్తమమైన కాపుదలకు ఇచ్చు గోల్డ్ గ్లవ్ బహుమానము నందినవాడు. న్యూయార్క్ యాంకీస్ జట్టున చేరిన పిదప 1999లో 26 తప్పులు చేసెను. 2000 జూన్ 17న అతడు మొదటి మూలకు విసరిన బంతి దారితప్పి ప్రేక్షకులలో కూర్చున్న యొక తల్లి ముఖమునకు తగిలెను. అదే యేడు అక్టోబరు 3న, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచ్చరు రిక్ యాంకీల్, 21 ఏండ్ల యువకుడు, ఒక్క ఇన్నింగ్సులో ఐదు బంతులు క్యాచరునకు అందకుండ విసరెను. క్రికెట్టునను ఇట్టివి లేకపోలేదు. 2001లో లార్డ్స్ మైదానమున జరిగిన ఇంగ్లండు కౌంటీల తుదిపోటీలో లీస్టర్‌షైర్ బౌలరు స్కాట్ బాస్వెల్ ఒక ఓవరు ముగించుటకు 14 బంతులు వేయవలసి వచ్చెను. గోల్ఫ్ ఆటగాండ్రు దీనికి ‘యిప్స్’ అని పేరు పెట్టిరి. ఆ పేరే నేడు అన్ని యాటలకును వ్యాపించినది.

దీనికి హేతువేమి? పండితులు చెప్పునవి ముఖ్యముగా రెండు.

మొదటిది మనస్సునకు సంబంధించినది. కొత్తగా నేర్చుకొనువాడు తన ప్రతి కదలికను మనస్సుతో నడిపించును. అక్షరాభ్యాసము చేయు శిశువు ‘అ’ వ్రాయునపుడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, బలపమును ఈడ్చును. అలవడిన పిదప మనస్సు ఆ భారమును దింపుకొనును. చేయి తనంత తాను వ్రాసికొనిపోవును. అట్టివాడు మరల తన వ్రేళ్లను కనిపెట్టి చూడదొడగినచో వ్రాత చెడును. 2002లో అమెరికాలో సియాన్ బైలాక్ మున్నగువారు ప్రకటించిన పరిశోధనలో ఇది తేటపడినది. చేయితిరిగిన ఆటగాండ్రు తమ కదలికలనే గమనించుచు ఆడినపుడు ఆట చెడెను. మనస్సును వేరొక చిన్న పనియందుంచి ఆడినపుడు చెడలేదు. కొత్తవారి విషయము దీనికి విరుద్ధము. వారికి గమనించుటయే మేలు చేసెను. కావున ‘శ్రద్ధ పెట్టుము’ అను మాట నేర్చుకొనువానికి మందు, నేర్చినవానికి ఒక్కొక్కయెడ విషము.

రెండవది నాడీమండలమునకు సంబంధించినది. ఏండ్ల తరబడి వ్రాతపనియే చేయు గుమాస్తాలలో కొందరికి కలము పట్టగనే వ్రేళ్లు కొంకరపోవును. అదే చేయి అన్నము కలుపుటకు, గుండీ పెట్టుకొనుటకు చక్కగా పనిచేయును. 1713లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని వ్రాతగాండ్ర చేతిబాధను వర్ణించెను. చాలకాలము దీనిని మనోదౌర్బల్యమని త్రోసివేసిరి. 1982లో షీహీ, మార్స్‌డెన్ అను వైద్యులు ఇది కదలికలను నడపు మెదడు ఏర్పాటున గలుగు లోపమని, డిస్టోనియా అను జబ్బులలో నొకటియని నిరూపింప బూనిరి; నేడు వైద్యు లట్లే భావించుచున్నారు. ఆటగాండ్ర యిప్స్‌లోను కొన్ని ఇట్టి నాడీదోషములని, కొన్ని భీతివలన బుట్టునవని, కొందరిలో రెండును పెనవైచుకొని యుండునని వారి యభిప్రాయము.

ఇక ధర్మవిచారము. విద్య చేజారినవానిపై లోకము మూడు తీర్పులు చెప్పును.

మొదటి తీర్పు పిరికితనము. కాని వరల్డ్ సిరీస్ యేడవ యాటలో జట్టు భారమంతయు మోసి గెలిపించినవాడు మరుసటి యేటికి మరుసటి యేడు పిరికివాడెట్లగును? రెండవ తీర్పు సాధనలోపము. పిచ్చరునకు బంతి తిరిగి యిచ్చుట సాసర్ తన జీవితమున వేలమారులు చేసిన పని. లేనిది సాధన కాదు.

మూడవ తీర్పు మనవంటివారికి ఇంపైనది. అందుచేతనే మనము జాగ్రత్త వహింపవలసినది. “నేను చేయుచున్నానను అహంకారము ప్రవేశించెను గనుక చేయి చెడెను. పనిని ఈశ్వరార్పణము చేసినచో అదియే బాగుపడును” అని మనము సులభముగా అనివేయుదుము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. చేతికిని పనికిని నడుమ ‘నేను’ అనునది వచ్చి నిలిచిన మాట నిజమే. కాని ఆ ‘నేను’ ఎట్టిది? అహంకారము ‘నేనెంతవాడను!’ అనును. భయము ‘నేనేమైపోదునో!’ అనును. రెండింటను ‘నేను’ ఉన్నంతమాత్రమున రెండును ఒక్కటి కావు. భయపడినవానిని గర్వియని నిందించుట అన్యాయము. నాడీదోషము గలవానికి వైరాగ్యము బోధించుట పుండుమీద కారము చల్లుటయే. జ్వరము వచ్చినవానిని భక్తి చాలలేదని మనము మందలింపము గదా!

మరి కాయకతత్త్వము ఇచ్చట చెప్పునదేమి? 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణమున కూర్చిన శరణుల సభలో బట్టలుదుకు మాచయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, త్రాళ్లు పేను చందయ్య సరిసమానులై నిలిచిరి. ఒక పని గొప్పది, మరియొకటి కొంచెమని వారెంచలేదు. పనికి వచ్చు పొగడ్త కాక, పని చేయువాని నిష్ఠయే వారికి గణ్యము. ఈ మాట నిజమైనచో దానినుండి మరియొక మాట పుట్టును: ఒక పని చేజారినంతమాత్రమున మనుష్యుడు చేజారిపోడు. కాయకము మారవచ్చును, కాయకము చేయువాని గౌరవము మారరాదు.

ఆ యాటగాండ్ర తరువాతి బ్రతుకులు దీనికి సాక్ష్యము. బ్లాస్ 1983లో తన జట్టు ఆటలకే వ్యాఖ్యాతయై, 2019 వరకు ఆ పని చేసెను. సాసర్ కళాశాల విద్యార్థులకు ఆట నేర్పు గురువయ్యెను. యాంకీల్ చిన్న జట్లకు పోయి, మొదటినుండి బ్యాటింగు సాధన చేసి, 2007 ఆగస్టులో మైదానపు వెలుపలి వరుస కాపరిగా తన పాత జట్టునకే తిరిగివచ్చి, ఆ మొదటి యాటలోనే హోమ్‌రన్ కొట్టెను. 2008 మేలో డెన్వరు నగరమున జరిగిన యాటలో మైదానపు లోతునుండి నేరుగా మూడవ మూలకు రెండుమారులు బంతి విసరి ఇద్దరిని వెలుపలికి పంపెను. అరువది యడుగులు విసరలేకపోయిన చేయియే యది. దాని శక్తి యెచ్చటికిని పోలేదు. ఒక దారి మూసికొనినది, వేరొక దారి తెరవబడినది. ఆ రెండవ దారి యిచ్చినవారు లేకున్న అతని కథ 2000లోనే ముగిసియుండెడిది.

ఇప్పుడు నా మనస్సున నాటుకొనిన కథకు వత్తును. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టున స్టీవ్ సాక్స్ అను యువకుడు 1982లో ఉత్తమ నూతన క్రీడాకారుడని పేరుపొందెను. మరుసటి యేడు, 1983లో, మొదటి మూలకు తిన్నగా విసరలేక తప్పులమీద తప్పులు చేసెను. ఆ యేడాది తప్పులు మొత్తము 30. అపుడు అతని తండ్రి, “నాకును చిన్ననాట ఇట్లే జరిగినది. ఒకనాడు లేచి చూచునప్పటికి పోయియుండును. నీలో లోపమేమియు లేదు” అను భావముతో ధైర్యము చెప్పెను. ఆ తండ్రి ఆ యేడే గుండెజబ్బుతో మరణించెను. సాక్స్ కోలుకొని, పెక్కేండ్లు చక్కగా ఆడి, 1988లో విజేతయైన జట్టున నుండెను. తండ్రి చెప్పినది నిజము కాదని, ఆయనకు అట్టి బాధ యెన్నడును కలుగలేదని, తల్లి తనకు తరువాత చెప్పినట్లు సాక్స్ స్వయముగా వెల్లడించెను.

ఆ తండ్రి అసత్యమాడెనా? ఆడెను. అది పాపమా? ఈ ప్రశ్నపై నేను పలుమారులు తర్కించుకొంటిని. అసత్యమును నేను సమర్థింపను. కాని ఆ మాటలో కుమారుని బాగుచేసినది అసత్యభాగము కాదని నా నిశ్చయము. ‘నీవు ఒంటరివి కావు, ఇది పోవునది, నీవు నీవుగనే యున్నావు’ అను మూడు సత్యములు అందు కలవు. వానిని చెప్పుటకు ఆ తండ్రికి సొంత యనుభవము లేకపోయెను గనుక కల్పించుకొనవలసి వచ్చెను. ఒకచోట వేలమంది ప్రేక్షకులు చేయి ఊగినదని లెక్కించిరి. మరియొకచోట ఒక్క తండ్రి ఆ లెక్కను ఆపెను.

ఇక నా బాలుని సంగతి. ఇరువది యేండ్ల క్రిందట నేను పనిచేసిన పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు పద్యము చదివిన, బయట పోవువారు నిలిచి వినెడివారు. ఒక గణతంత్ర దినమున పెద్దలయెదుట చదువుచు రెండవ పాదమున నాగిపోయెను. అందరును చప్పట్లు కొట్టి దింపివేసిరి. మరునాడు తరగతిలో చదివింపగా అచ్చటనే యాగెను. నేను సాధన చాలలేదని తలంచి, ప్రతిదినము తరగతియెదుట నిలువబెట్టి, “శ్రద్ధ పెట్టుము, ఒక్కొక్క యక్షరమును చూచుకొనుచు చదువుము” అని మందలించితిని. ఆ పాదము వచ్చునప్పటికి తక్కిన పిల్లలు లోలోన నవ్వుచు వ్రేళ్లు మడవసాగిరి. నేను చూచియు వారింపలేదు. సిగ్గు కలిగిన బాగుపడునని నమ్మితిని. రెండు నెలలకు ఆ బాలుడు పద్యము చదువుటయే మానెను. నేడు ఎచ్చటనో సుఖముగనే యున్నాడని విందును. అతనికి పద్యము తిరిగివచ్చెనో లేదో యడుగుటకు నాకు నోరు రాలేదు.

ఇందు నా నిజమైన దోషము తెలియక చేసిన మందలింపు కాదు. తెలిసి దాచిన మాట. నేను తెలుగు పండిత శిక్షణ పొందుచుండగా, పరీక్షాధికారులు వెనుక బల్లపై కూర్చుండగా పాఠము చెప్పు దినమున, చిననాటినుండి కంఠస్థమైన పద్యము మూడవ పాదము నాకు రాకపోయెను. సుద్దముక్క పట్టిన చేయి నల్లబల్లమీద నిలిచిపోయెను. ఎట్లో గట్టెక్కి యోగ్యతాపత్రము పొందితిని. పిదప కొన్ని నెలలు ఆ పద్యమనిన ఒళ్లు చెమర్చెడిది, క్రమముగా పోయెను. ఈ సంగతి ఆ బాలునితో ఒక్క మాట చెప్పియుండినచో చాలును. సాక్స్ తండ్రి కుమారునికై లేని యనుభవమును కల్పించుకొనెను. నేను ఉన్న యనుభవమును గురుస్థానపు మర్యాదకై దాచుకొంటిని. సత్యము నా యొద్దనే యుండెను. ఇచ్చుటకు చేయి రాలేదు. ఆ దినమున విద్య మరచినది బాలుడు కాదు, గురువు.

2021లో టోక్యో ఒలింపిక్సున సిమోన్ బైల్స్, గాలిలో తన శరీర మెటు తిరుగుచున్నదో తెలియని స్థితి కలిగి, పోటీలనుండి తప్పుకొనినపుడు కొందరు నిందించినను పెక్కురు ఆమె కండగా నిలిచిరి. 2024లో పారిసున ఆమె మూడు స్వర్ణపతకములు గెలిచెను. గెలువకున్నను ఆ యండ ధర్మమే. లోకము కొంత నేర్చుకొనుచున్నది. మన యిండ్లును, మన పాఠశాలలును, మఠములలోని బాలుర వసతులును నేర్చుకొనవలెను.

కావున తల్లిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును నా విన్నప మిది. వచ్చిన విద్య హఠాత్తుగా రానివానిని పదిమందియెదుట మరల మరల చేయింపకుడు. లెక్కించువారిని వారింపుడు. చేయి కొంకరపోవుచున్న వైద్యునికి చూపుడు, ఉపదేశముతో సరిపుచ్చకుడు. ఆ పని కొంతకాలము ప్రక్కనుంచి, ఆదరముతో వేరొక పని చేతికిండు. అన్నిటికంటె ముందు, మీకట్టిది ఎన్నడైన జరిగియున్న దాచుకొనక చెప్పుడు. జరుగనివాడు అరుదు. చెప్పువాడే అరుదు.